మోరీలన్నీ శుభ్రం చేయించాం, అయినా బాబుకు రెండోసారి మలేరియా. ఈ దోమ ఎక్కడ పెరుగుతోంది?

కాలువకట్ట ఇల్లు:

అందరికీ నమస్తే. మాది గోవిందరావుపేట మండలంలో లక్నవరం కాలువ కింద ఒక చిన్న ఊరు. మా బాబుకు తొమ్మిదేళ్ళు. ఆగస్టు రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, ఎండలో నిలబడి చలి పెడుతోందన్నాడు. రెండు దుప్పట్లు, వాటి మీద మా అత్తమ్మ గొంగడి కప్పినా పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి. గంట తర్వాత ఒళ్ళు కాలిపోయింది. సాయంత్రానికి చెమట పట్టి బనియన్ తడిసి ముద్దయింది, లేచి అన్నం తిన్నాడు. మర్నాడు ఏమీ లేదు, బయట ఆడుకున్నాడు. తగ్గిందనుకున్నాను. ఆ మర్నాడు సరిగ్గా అదే వేళకు మళ్ళీ చలి.

ముందు ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే టైఫాయిడ్ అని నాలుగు రోజులు సెలైన్లు పెట్టారు. చివరికి మా ఊరి ఆశ అక్క ఇంటికి వచ్చి, వేలు గుచ్చి కిట్టు మీద చూస్తే మలేరియా అని తేలింది. వైవాక్స్ రకం అంది. మాత్రలు ఇచ్చింది, తగ్గింది. అక్టోబరు చివర్లో మళ్ళీ అదే వణుకు, మళ్ళీ వైవాక్స్.

మేము ఊరికే కూర్చోలేదు. మా వాడ ఆడవాళ్ళం కలిసి పంచాయతీకి వెళ్ళి మోరీలన్నీ తీయించాం. బ్లీచింగ్ చల్లించాం. రెండుసార్లు పొగ కొట్టించాం. పెంటకుప్పను ఊరి బయట వేయించాం. ఇంటి చుట్టూ మురికి నీళ్ళు చుక్క లేవు. ఇంటి వెనక ఇరవై అడుగుల్లో కొట్టం ఉంది, రెండు బర్రెలు, ఒక ఆవు. ముందు పొలాలు, వాటి అవతల వాగు. మరి ఈ దోమ ఎక్కడి నుంచి వస్తోంది? రాత్రి వాడి మంచం పక్కన కూర్చుని గోడ మీద వాలిన ప్రతి దోమనూ చూస్తున్నాను. ఏది మలేరియా దోమో తెలియడం లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

నర్సంపేట తమ్ముడు:

అక్కా, మోరీల్లో వారం వారం ఆయిల్ బాల్స్ వేయించండి. మా వాడలో అలా చేశాక దోమలు సగానికి తగ్గాయి. కొట్టంలో పొద్దుగూకే వేళకు వేపాకు పొగ పెట్టండి.

రిటైర్డ్ సూపర్‌వైజర్:

బిడ్డా, తమ్ముడు చెప్పింది మంచి మాటే, కానీ అది వేరే దోమకు పనిచేస్తుంది. మోరీలో పెరిగేది క్యూలెక్స్. రాత్రంతా చెవి దగ్గర గుయ్‌మని నిద్ర పాడుచేసేది, బోదకాలు మోసేది అదే. డెంగీ దోమ ఇంటి డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో పెరిగి పగలు కుడుతుంది. మలేరియా మోసేది అనాఫిలిస్. మన పల్లెల్లోని రకానికి మురుగు గిట్టదు. దోసిట పట్టి ముఖం కడుక్కోవాలనిపించేంత తేట నీళ్ళు కావాలి. వాటి మీద ఎండ పడాలి, వడి ఉండకూడదు, అంచున కాస్త గడ్డో నాచో ఉండాలి. మీరు మోరీలు తీయించడం వృథా కాదు, క్యూలెక్స్ తగ్గి ఉంటుంది. కానీ బాబును కుట్టిన దోమ ఆ మోరీలో పుట్టలేదు.

నేను 31 ఏళ్ళు ఏటూరునాగారం, మంగపేట, తాడ్వాయి వైపు మలేరియా పని చేసి రిటైరయ్యాను. తెల్లవారుజామున టార్చిలైటు, నోటితో పీల్చే గాజు గొట్టం పట్టుకుని కొట్టాల్లోకి వెళ్ళేవాళ్ళం. గోడ మీద, కప్పు కింద, కట్టెల మోపు వెనక వాలిన దోమలను ఒక్కొక్కటిగా గొట్టంలోకి పీల్చి, గంటకు ఎన్ని దొరికాయో రాసుకునేవాళ్ళం. మన పల్లెల్లో మలేరియా మోసే ముఖ్యమైన దోమ పేరు క్యూలిసిఫేసీస్. దేశం మొత్తం మీద పల్లెల మలేరియాలో సగానికి పైగా దీని పనే. గుట్టల వైపు ఊళ్ళలో ఫ్లూవియాటిలిస్ అని ఇంకొకటి ఉంటుంది, అది మెల్లగా పారే సన్న వాగుల అంచున పెరుగుతుంది. మీది కాలువ కింది ఊరు కాబట్టి నాకు మొదటిదాని మీదే అనుమానం.

అనాఫిలిస్ తోక పైకెత్తి, గోడకు ఏటవాలుగా కొట్టిన మొలలా వాలుతుందని పోస్టర్లలో బొమ్మ ఉంటుంది. చాలా రకాలకు అది నిజమే. క్యూలిసిఫేసీస్ మాత్రం అంతగా తోక ఎత్తదు, దాదాపు మామూలు దోమలాగే వాలుతుంది. ఆ పేరుకు అర్థమే క్యూలెక్స్ రూపం ఉన్నది అని. అందుకే మంచం పక్కన కూర్చుని దాన్ని నువ్వు పోల్చలేకపోయావు. గోడ మీది దోమను వదిలేసి, నీళ్ళలోని పురుగును చూడు. అక్కడ ఎవరైనా గుర్తుపట్టొచ్చు.

తెల్లటి మగ్గు ఒకటి తీసుకో. పొద్దున ఎండ బాగా వచ్చాక వెళ్ళు. నీడ నీళ్ళ మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా నిలబడు. నీడ పడినా, అడుగుల చప్పుడైనా అవి అడుగుకు మునుగుతాయి. మునిగితే కదలకుండా ఉండు, రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ పైకి వస్తాయి. మగ్గును ఏటవాలుగా పట్టి, గడ్డి అంచున పైపొర నీళ్ళు మాత్రమే జారేలా మెల్లగా ముంచు. మోరీ దోమ పురుగుకు తోక దగ్గర ఊపిరి గొట్టం ఉంటుంది, దాన్ని నీటి పైకి ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. అనాఫిలిస్ పురుగుకు ఆ గొట్టం లేదు. అందుకని నీటి మీద చిన్న పుల్లముక్కలా బారుగా పడుకుని ఉంటుంది. ఓపిగ్గా చూడు, ఒళ్ళు కదలకుండా తల ఒక్కటే గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. నీటి పైపొర మీది నలుసులు అలా తింటుంది. ముట్టుకుంటే కుదుపులతో వెనక్కి జరుగుతుంది. ఇది చూపిస్తే ఊళ్ళో పిల్లలు మగ్గు చుట్టూ మూగేవాళ్ళు.

ఎక్కడ వెతకాలంటే, ముందు బాబు జ్వరం నుంచి వెనక్కి లెక్క కడదాం. కుట్టిన రెండు వారాలకు అటూ ఇటూగా జ్వరం వస్తుంది. అంటే కుట్టింది జులై చివర్లో. దోమ ఒక రోగి రక్తం తాగిన వెంటనే జబ్బు అంటించలేదు. ఆ క్రిమి దాని ఒంట్లో పండడానికి ఇంకో పది రోజులు పడుతుంది. అంటే జులై మధ్యలో అది ఎవరో జ్వరం ఉన్న మనిషిని కుట్టింది. అంతకు కొద్ది రోజుల ముందు అది నీళ్ళలోంచి లేచింది. గుడ్డు నుంచి రెక్కల దాకా మన వేడికి పది పన్నెండు రోజులు. మొత్తం కలిపితే ఆ గుడ్డు జూన్ చివర్లో, లేదంటే జులై మొదట్లో పడింది. అప్పటికి మీ పొలాల్లో నాట్లు పడ్డాయా? పడి ఉండవు. కాబట్టి ఆ మొదటి దోమ పొలంలోది కాకపోవచ్చు. తొలి వానలకు నిండిన గుంత ఏదో మీ దగ్గరలో ఉంది. వాగులో నీటి పాయలు తెగి నిలిచిన మడుగులు, చెలిమెలు, మొరం తీసిన గుంతలు, బోరు మోటారు దగ్గర తడి ఆరని చోటు, పాడుబడ్డ బావి చూడు. ఈ దోమ మామూలుగా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి పోదు. దూరం వెళ్ళక్కర్లేదు.

పొగ గురించి కూడా చెప్పాలి. పొగ ఆ గంటలో బయట ఎగురుతున్నవాటిని చంపుతుంది. కొట్టంలో కట్టెల వెనక వాలినవి బతికిపోతాయి, మర్నాడు నీళ్ళలోంచి కొత్తవి లేస్తాయి. ఇక గోడలకు కొట్టే మందు. 1958లో దేశమంతా మలేరియా నిర్మూలన అని డీడీటీ కొట్టారు. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగాయి. పని అయిపోయిందని పట్టు సడలింది. ఈలోగా దోమ డీడీటీకి అలవాటు పడింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. తర్వాత మలాథియాన్ తెచ్చారు, చాలాచోట్ల దానికీ అలవాటు పడింది. మా చేతిలో ఇంకో కష్టం ఉండేది. మేము మందు కొట్టి పోయిన వారానికే పండగని ఇంటివాళ్ళు గోడలు ఎర్రమట్టితో అలికేవాళ్ళు. మందు మట్టి కిందికి పోయేది. వాళ్ళను తప్పుపట్టలేను, మందు తెల్లటి మరకలు వదిలేది, వాసన వచ్చేది. పండగకు ముందు కాకుండా తర్వాత కొట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు రాసి పంపాను.

చివరిగా ముఖ్యమైనది. రెండోసారి వచ్చిన జ్వరానికి దోమ కారణం కాకపోవచ్చు. వైవాక్స్ క్రిములు కొన్ని కాలేయంలో దాక్కుని నిద్రపోతాయి. వారాలో నెలలో గడిచాక లేచి మళ్ళీ రక్తంలోకి వస్తాయి. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలోవాటినే చంపుతుంది. కాలేయంలోవాటికి ప్రైమాక్విన్ 14 రోజులు వేయాలి. జ్వరం తగ్గగానే చాలామంది ఆపేస్తారు. బాబుకు 14 రోజులూ వేశావా? ఈసారి పీహెచ్‌సీ డాక్టరుకు ఈ సంగతి చెప్పి, బరువుకు తగ్గ మోతాదు అడుగు. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువ, ఉన్నవాళ్ళకు ఆ మాత్రతో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మూత్రం నల్లగా వస్తే ఆపేసి వెంటనే చూపించు. సొంతంగా కొని మాత్రం వేయకు.

యాసంగి వరి:

సార్, అన్నీ మా రైతుల మీదికే వస్తాయేమోనని ఒక మాట అడుగుతున్నా. పొలంలో నీళ్ళు లేకుండా వరి ఎట్లా? నేను రెండేళ్ళుగా ఆరుతడి చేస్తున్నా. మడి సన్న పగుళ్ళు ఇచ్చేదాకా ఆరబెట్టి మళ్ళీ పెడతా. నీళ్ళు తక్కువ పడుతున్నాయి, దిగుబడి తగ్గలేదు. దీనివల్ల దోమ తగ్గుతుందా?

రిటైర్డ్ సూపర్‌వైజర్:

తగ్గుతుంది తమ్ముడూ. అనాఫిలిస్ పురుగు నీళ్ళు లేకుండా బతకదు. మడి నిజంగా ఆరితే అందులోవన్నీ పోతాయి. అయితే చుట్టుపక్కల మళ్ళు నిండుగా ఉండి నీ ఒక్క మడి ఆరితే ఊరికి తేడా తెలియదు. ఒక తూము కింది రైతులంతా కలిసి చేయాలి. పైగా మడి ఆరినా కాలిగుంటల్లో, పిల్లకాలువ వంపుల్లో నీళ్ళు ఉంటాయి, అక్కడ కూడా చూడాలి.

వరిలో మొత్తం పంటకాలం భయం లేదు. ఈ దోమ నీళ్ళ మీద కిందికీ పైకీ ఆడుతూ, ఎగురుతూనే గుడ్లు ఒక్కొక్కటిగా వదులుతుంది. దానికి ఖాళీ జాగా కావాలి. నాట్లు వేసిన కొత్తలో నీళ్ళు అద్దంలా మెరుస్తాయి కదా, అప్పుడు బాగా పెడుతుంది. పైరు అడుగు ఎత్తు దాటి గుబురు కట్టాక ఆ మడిని వదిలేస్తుంది. ఆరుతడిని ఆ మొదటి వారాల్లోనే మొదలుపెట్టగలిగితే మేలు. నాటు బతికేదాకా నీళ్ళు ఉండాలని నాకూ తెలుసు, నీ వీలు చూసుకో.

హనుమకొండ జువాలజీ:

నేను కాలేజీలో పాఠం చెప్తాను. సార్ చెప్పినదానికి పట్నం వైపు నుంచి కొంత కలుపుతాను. ఇక్కడ మా గల్లీలో పొలం లేదు, వాగు లేదు. అయినా పట్నాల్లో మలేరియా ఉంటుంది, ఎందుకంటే అక్కడ దోమ వేరు. దాని పేరు స్టీఫెన్సై. ఓవర్‌హెడ్ ట్యాంకులు, సంపులు, బావులు, కొత్త ఇళ్ళ స్లాబు మీద కట్టలు కట్టి నింపే క్యూరింగ్ నీళ్ళు దానికి చాలు. పోయినేడు మా అపార్ట్‌మెంట్ సంపు చూశాను. మూత గట్టిగానే ఉంది. మోటారు పైపు లోపలికి దిగే చోట మాత్రం నిమ్మకాయ పట్టేంత సందు. టార్చి వేస్తే నీటి మీద సార్ చెప్పిన పుల్లముక్కలే, పది పన్నెండు. సందులో గుడ్డ కుక్కి సిమెంటు పూశాం, సంపు తోడి, గోడలు రుద్ది, రెండు రోజులు ఆరబెట్టాం.

ఈ దోమ ఎంత త్వరగా సర్దుకుంటుందో చూడండి. మన వైపుది, 2012లో ఆఫ్రికాలో జిబూతీ రేవు పట్నంలో కనిపించింది. ఆ ఏడు ఆ దేశంలో మలేరియా కేసులు 27. మలేరియాను దాదాపు వదిలించుకున్న దేశం అది. 2020 నాటికి 70 వేలు దాటాయి. అక్కడి పాత మలేరియా దోమలు ఎక్కువగా వాన గుంతలను నమ్ముకున్నవి, ఇది నీళ్ళ ట్యాంకును నమ్ముకుంది. కాబట్టి ఎండాకాలంలో కూడా పట్నం నడిబొడ్డున పెరగగలదు. తర్వాత ఇథియోపియా, సూడాన్, నైజీరియా, కెన్యాల్లో కూడా దొరికింది.

మీ క్యూలిసిఫేసీస్ గురించి కూడా నా విద్యార్థులకు తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. 1934లో సింహళంలో, అంటే ఇప్పటి శ్రీలంకలో, వానలు తప్పాయి. ఎప్పుడూ నిండుగా పారే నదులు ఎండి, ఇసుకలో మడుగులుగా మిగిలాయి. ఆ మడుగుల్లో ఈ దోమ లెక్కలేనంతగా పెరిగింది. 1935 దాకా సాగిన ఆ మలేరియాలో సుమారు 80 వేల మంది చనిపోయారు. వాన బాగా పడితేనే మలేరియా అనుకుంటాం. కానీ వరద ఉధృతికి పురుగులు కొట్టుకుపోతాయి. వరద తీసి, నీళ్ళు తేరుకుని, మడుగులు మిగిలినప్పుడే వాగు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో మీ వాగు ఎలా ఉంటుందో చూడండి.

ఇంకొకటి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మచ్చల రెక్కల దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1902లో నోబెల్ వచ్చింది. మన నేల మీద తేలిన సంగతి మన ఊళ్ళలో ఇంకా మోరీ దగ్గరే ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది.

కాలువకట్ట ఇల్లు:

సార్, నిన్న, ఇవాళ రెండు పొద్దులూ తిరిగాను. మా ఆయన, ఆశ అక్క, మా బాబు కూడా వచ్చారు. బాబే మగ్గు పట్టుకున్నాడు.

మొదట వాగు. నీళ్ళు నడిమధ్య సన్నగా పారుతున్నాయి. పక్కన ఇసుకలో మూడు మడుగులు తెగి నిలిచి ఉన్నాయి. రెండింటిలో చిన్న చేపలున్నాయి, పురుగులు కనిపించలేదు. మూడోది బట్టలుతికే బండ వెనక ఉంది, అంచున పచ్చటి నాచు. అందులో ఒక్క మగ్గుకు నాలుగు దొరికాయి. తర్వాత బోరు దగ్గర చూశాం, ఏమీ లేవు. కొట్టం వెనక తొట్టిలో తలకిందులుగా వేలాడేవి చాలా ఉన్నాయి, అవి మోరీ దోమవని ఇప్పుడు తెలుసు కాబట్టి తొట్టి ఒంపేసి రుద్దాం.

ఆ తర్వాత మా ఆయనకు గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం రోడ్డు పనికి మా చేను గట్టు అవతల మొరం తీశారు. మా ఇంటికి రెండు వందల గజాలు కూడా లేదు. పెద్ద గదంత వెడల్పు, మోకాలి లోతు. అక్కడికి పోయి చూస్తే నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. బర్రెలు అక్కడే తాగుతాయి. మా బాబు సెలవు రోజుల్లో ఆ గట్టు మీదే ఆడతాడు. మగ్గు ముంచాడు. ముందు ఏమీ కనిపించలేదు. మీరు చెప్పినట్టే కదలకుండా నిలబడ్డాం. కాసేపటికి ఒకటి, తర్వాత ఇంకొకటి, పుల్లముక్కల్లా తేలాయి. వాడే చూపించాడు, "అమ్మా, తల తిప్పుతోంది" అని. ఐదు మగ్గులకు ఇరవై మూడు లెక్కపెట్టాడు. మూడు నెలలుగా నేను దాని పక్కనుంచే కల్లానికి వెళ్ళి వస్తున్నాను. మురికి లేదు కదా అని ఒక్కసారి కూడా వంగి చూడలేదు.

మాత్రల సంగతి. ఇంటికొచ్చి అల్మారాలో వెతికితే ఆగస్టు నాటి స్ట్రిప్పు దొరికింది. ఎనిమిది రోజులు వేశాను, ఆరు రోజులవి అలాగే ఉన్నాయి. జ్వరం లేదు, అన్నం బాగా తింటున్నాడు, ఇంకా మందులెందుకని నేనే ఆపాను. ఆశ అక్క చెప్పే ఉంటుంది, ఆ టెన్షన్‌లో నాకు ఎక్కలేదు. ఇవాళ పీహెచ్‌సీకి వెళ్ళాం. డాక్టరమ్మ బరువు చూసి మళ్ళీ మొదటి నుంచి 14 రోజులు రాసింది.

మొరం గుంతకు ఏం చేయాలి? చేపలు వదలమని ఒకరు అంటున్నారు.

రిటైర్డ్ సూపర్‌వైజర్:

మంచి పని చేశారు బిడ్డా. బాబు లెక్క కాగితం మీద రాసి పెట్టు, మళ్ళీ పది రోజులకు అదే చోట ఐదు మగ్గులు తీస్తే తేడా తెలుస్తుంది.

గుంతను పూడ్చడమే శాశ్వతమైన పని. వీలుకాకపోతే గట్టు ఒకవైపు తెగ్గొట్టి నీళ్ళు కాలువలోకి పోయేలా చేయండి. అప్పటిదాకా దోమ పురుగులను తినే గంబూజియా చేపలు పనికొస్తాయి, పీహెచ్‌సీలో అడగండి. కానీ అవి వాగులోకి, చెరువులోకి పోకూడదు. విదేశీ చేప, మన చిన్న చేపల గుడ్లను, పిల్లలను తినేస్తుంది. గుంతకు కాలువతో పొత్తు ఉంటే అసలు వదలొద్దు. బండ వెనక మడుగుకు మందు అక్కర్లేదు, పారతో చిన్న దారి తీసి పారే నీటిలో కలిపితే చాలు.

కొట్టం తీసేయమని చెప్పను. ఈ దోమకు మనిషి కంటే పశువు రక్తమే ఎక్కువ ఇష్టం. అయితే పశువు కోసం వచ్చింది పక్కన పడుకున్న పిల్లాడిని వదలదు. బాబు మంచం కొట్టం వైపు కిటికీ నుంచి మార్చు. పొద్దుగూకగానే మందు పూసిన దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపు. ఇంకొకటి, జులైలో మీ చుట్టుపక్కల ఇంకెవరికి జ్వరం వచ్చిందో ఆశ అక్కతో కలిసి అడగండి. ఆ దోమ ఎవరో ఒకరి దగ్గరే క్రిమిని ఎత్తుకుంది. వాళ్ళు కూడా మాత్రలు మధ్యలో ఆపి ఉండొచ్చు.

కాలువకట్ట ఇల్లు:

అడిగాం సార్. మా వాడలో ముగ్గురు. ఒకరు మా బాబుతో చదివే పాప తాతయ్య, జులైలో వారం రోజులు చలి జ్వరమట, కిట్టు పరీక్షే చేయించుకోలేదు. నిన్న ఆశ అక్క ముగ్గురికీ రక్తపూత తీసింది, ఫలితం రావాలి. గుంతకు మా ఆయన, పక్క చేను వాళ్ళు కలిసి ట్రాక్టరు మాట్లాడారు. ఆదివారం మట్టి తోలుతున్నారు. అంతకుముందు ఇంకోసారి మగ్గు ముంచాలని బాబు పట్టుబడుతున్నాడు. దోమతెర లోపలి నుంచే అడుగుతున్నాడు.